బరి బయటి అలీ

నిన్న రాత్రి అమలాపురంలో మా పెదనాన్నగారి పక్కన కూర్చుని, 1974లో కిన్షాసాలో మహమ్మద్ అలీ, జార్జ్ ఫోర్‌మన్‌ల మధ్య జరిగిన బాక్సింగ్ పోటీని మొదటిసారి పూర్తిగా చూశాను. అలీ తనకంటే 7 ఏళ్లు చిన్నవాడైన ప్రత్యర్థి విసిరే దెబ్బలను తాళ్లకు ఆనుకుని కాచుకుంటూ, అతడి సత్తువ హరించుకుపోయేదాకా వేచి, ఎనిమిదో రౌండులో పడగొట్టిన ఆ తీరులో, వరద తీసేవరకూ గట్టు మీద కాపలా కాసే మా లంక రైతుల ఓర్పు కనిపించింది. 1980లో ఆయన మద్రాసు వచ్చినప్పుడు వెళ్లలేకపోయానని పెదనాన్నగారు ఇప్పటికీ బాధపడతారు.

అయితే నా దృష్టిలో ఆయన అసలు పోరాటం బరి బయటిది. వియత్నాం యుద్ధ కాలంలో, 1967లో, అమెరికా సైన్యంలో చేరడానికి నిరాకరించినందుకు ఛాంపియన్ బిరుదును లాక్కుని, 5 ఏళ్ల జైలుశిక్ష విధించారు. అప్పీలు వల్ల జైలుకు వెళ్లకపోయినా, బాక్సరుకు ఒంట్లో చురుకు నిండుగా ఉండే 25 నుంచి 28 ఏళ్ల వయసంతా పోటీల్లేకుండానే గడిచిపోయింది. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. గెలుపులు 56, ఓటములు 5 అన్న లెక్కలో ఆ ఖాళీ కనిపించదు. పార్కిన్సన్స్ వ్యాధితో వణికే చేతులతోనే 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతిని వెలిగించిన ఆ మనిషిని 2016లో మరణించాక అమెరికా ఎంతగానో కీర్తించింది, ఒకప్పుడు దేశద్రోహి అని తిట్టినవారిలో ఎందరు ఆ పొగడ్తలతో గొంతు కలిపారోనని నాకు అనుమానం.