బెణుకు కాదు, ఎముకే విరిగింది
మా బాబు మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. కూకట్‌పల్లిలో మొదట చూపించిన ఆసుపత్రిలో బెణుకన్నారు, క్రేప్ బ్యాండేజీ చుట్టి పంపేశారు. చిన్నపిల్లల్లో ఎముక చివర్లు ఇంకా గట్టిపడని మృదులాస్థే, ఎక్స్‌రేలో సరిగ్గా కనపడవు. అందుకే అనుమానముంటే రెండో చేతికి కూడా ఎక్స్‌రే తీసి పోల్చి చూడాలట. వాపు తగ్గలేదని మళ్లీ తీసుకెళ్తే కసిరారు. నాకు అదే ఇంకా మండుతోంది.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కేసు వేయడానికి గడువు 2 ఏళ్లే. వైద్యం రికార్డులు అడిగిన 72 గంటల్లో ఆసుపత్రి ఇవ్వాలి. కాగితం మీద రాసి అడగండి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.

కేసు కోసం, తోటి డాక్టరుది తప్పని రాసిచ్చే డాక్టర్లు దొరకడమే గగనమైంది. చివరికి ఒక పెద్ద ఎముకల డాక్టరుగారు పాత ఫిల్మును కిటికీ వెలుతురులో పట్టుకుని, సన్నటి గీత మీద వేలు పెట్టి, "ఇదిగోనమ్మా, అప్పుడే ఉంది" అన్నారు. రాసిచ్చారు కూడా. వచ్చే నెల వాయిదా.