టేపుతో మొదలై లిపిడ్ ప్రొఫైల్ దాకా

తెనాలిలో ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతాను. వయసు 46. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు. ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ 22.5. మన వాళ్ళకి 23 నుంచి అధిక బరువు అంటారు కాబట్టి, ఆ లెక్కన నాకు ఏ బెంగా లేదు.

ఆశా వర్కర్ సర్వేకి వచ్చింది. ముప్పై దాటిన వాళ్ళందరికీ ఆ ఫారం నింపుతారు. అందులో నడుము కొలత కూడా ఉంటుంది. "అక్కా, మీ టేపు ఇలా ఇవ్వండి" అంది. మేము లంగాకి బొందు కట్టే చోట కొలుస్తాం. తను అలా కాదు, కింది పక్కటెముక అంచునీ తుంటి ఎముక పై అంచునీ వేలితో తడిమి చూసి, సరిగ్గా మధ్యలో చుట్టింది. పొట్ట లోపలికి లాగొద్దంది. ఊపిరి మామూలుగా వదిలాక చూసింది. టేపు వెనకాల కిందికి జారకూడదు, ఒంట్లోకి దిగకూడదు. 87 సెంటీమీటర్లు వచ్చింది.

ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 హద్దు. అంగుళాల్లో దాదాపు 31న్నర, 35న్నర. నడుము ఎత్తులో సగానికి మించకూడదన్న లెక్క ఇంకా తేలిక. నా ఎత్తులో సగం 76.

నడుము హద్దు దాటిందని లిపిడ్ ప్రొఫైల్‌కి, అంటే రక్తంలో కొవ్వుల పరీక్షకి, రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా పొద్దున్నే రక్తం ఇచ్చాను. ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 212, ఉండాల్సింది 150 లోపు. హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 38, ఆడవాళ్ళకి 50 అయినా ఉండాలి. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 118. పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరిన కొవ్వు కరిగి నేరుగా లివర్‌కి వెళ్తుందనీ, లివర్ దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుందనీ, అవి పెరిగిన కొద్దీ మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుందనీ డాక్టరుగారు చెప్పారు. మనవాళ్ళలో ఈ జోడీ బాగా ఎక్కువట. షుగరు, థైరాయిడ్ కూడా చూశారు, అవి బాగానే ఉన్నాయి. మందులు రాయలేదు. రాత్రి అన్నం తగ్గించి కూర, పప్పు పెంచమన్నారు, టీలో పంచదార మానమన్నారు, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమన్నారు.

మూడు నెలలకి నడుము 83, ట్రైగ్లిజరైడ్లు 158. హెచ్‌డీఎల్ మాత్రం 40 దగ్గరే ఉంది. అది త్వరగా కదలదట.

అందరికీ గట్టిగా చెప్పాలనుకున్నది మావారి సంగతి. ఆయన ఎత్తు 168, నడుము 79. ఏ కొలత చూసినా వంక పెట్టడానికి లేదు. నాతోపాటు పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ 196! టేపు పొట్ట కొవ్వును పట్టిస్తుంది, ట్రైగ్లిజరైడ్ల మీద అనుమానం రేపుతుంది. సన్నటి మనిషిలో ఎల్‌డీఎల్ పెరిగితే దానికి ఆనదు. నడుము హద్దులో ఉందని రక్తపరీక్ష మానేయకండి, దయచేసి. 190 దాటితే వంశపారంపర్యమేమో చూడాలన్నారు. ఆయనకి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టారు. మా అబ్బాయికి, మా ఆడపడుచుకి కూడా ఈ వారమే పరీక్ష చేయిస్తున్నాం.