మల్లి వచ్చాక మా ఇంటి నియమాలు

డాలస్‌లో పుట్టి పెరిగిన మా పిల్లలు హైదరాబాద్ వచ్చి, వనస్థలిపురంలో నానమ్మ ఇంట్లో కుదురుకున్నాక, మొట్టమొదట అడిగింది కుక్కపిల్లను. అక్కడ అద్దె ఇంటి నిబంధనల వల్ల వీలు కాలేదు. ఇక్కడ సొంత ఇల్లు, పెరడు ఉన్నాయి కనుక కాదనడానికి కారణం లేదన్నారు. మా అత్తగారికి కుక్కలంటే అయిష్టమేమీ లేదు. అయితే ఆవిడ ఎరిగిన కుక్క గేటు బయట ఉండి, మిగిలిన అన్నం తిని, రాత్రుళ్లు వీధిని కాపలా కాస్తుంది. పిల్లలు ఎరిగిన కుక్క సోఫా మీద నిద్రపోతుంది, పుట్టినరోజు కూడా చేయించుకుంటుంది. వీధి చివర పుట్టిన ఒక ఊరకుక్క పిల్లను, తల్లి పాలు మానిన తర్వాత ఇంటికి తెచ్చి మల్లి అని పేరు పెట్టుకున్న నాటి నుంచి, ఈ రెండు ఊహలనూ ఒక దారికి తేవడం నా పని అయింది.

పరాయి దేశంలో పిల్లలను పెంచేటప్పుడు వాళ్ల ప్రశ్నలు చాలావాటిని ‘మన పద్ధతి ఇంతే’ అనే మాటతో దాటవేస్తాం. తిరిగి వచ్చాక ‘ఇక్కడ ఇంతే’ అంటాం. మల్లి దగ్గర ఈ రెండూ చెల్లవు. దానికి అమెరికా తెలియదు, ఆచారమూ తెలియదు. ఒకరు మంచమెక్కించుకుని మరొకరు అదిలిస్తే దానికి ఏదీ అర్థం కాదు. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలంటే ఆ మాటకు కారణం అందరికీ తెలియాలి. దేవుడి గదిలోకి మల్లి ఎందుకు రాకూడదని మా అమ్మాయి అడిగినప్పుడు, మా అత్తగారు మొదట మడి అన్నారు. అమ్మాయి ఊరుకోకపోయేసరికి, నేల మీద నూనె, వెలిగే కుంది, ఊగే తోక చూపించారు. ఆ కారణం అమ్మాయికి నచ్చింది. వారం తిరగకుండానే, గడప దగ్గర కూర్చోవడం మల్లికి తనే నేర్పింది. మడిని కూడా గౌరవించాలని నేను విడిగా చెప్పాను, ఎందుకంటే అగ్నిభయం లేనప్పుడు కూడా ఆ గది నానమ్మదే.

పళ్లు మారే వయసులో దాని అల్లరి పట్టపగ్గాలు లేకుండా సాగింది. కుక్కపిల్లకు పాలపళ్లు 28. సుమారు నాలుగో నెల నుంచి అవి ఊడుతూ, ఆరేడు నెలలు నిండేసరికి 42 పళ్లు వస్తాయి. ఆ మధ్యకాలంలో చిగుళ్ల సలుపుకు ఏదో ఒకటి కొరకకుండా ఉండలేదు. చెప్పులు, చీపురు, మా అబ్బాయి స్కూలు బ్యాగు పట్టీ, అన్నీ అయ్యాయి. కార్తీకమాసంలో ఒకరోజు మా అత్తగారు వత్తులు చేసుకుంటుండగా దూది ఉండను కరచుకుని మంచం కింద దూరింది. ఆవిడ ‘ఓసి గడుగ్గాయీ’ అంటూ దాన్ని బయటికి లాగి, రెండు వేళ్లతో దవడ విప్పి, నాలుక వెనక చిక్కుకున్న దూది పోగును నెమ్మదిగా తీశారు. దూదిలాంటివి మింగితే పేగుల్లో అడ్డం పడే ప్రమాదం ఉంది. ఆ పోగుతో పాటు బియ్యపు గింజంత పన్ను ఒకటి రాలింది. ఊడిన పన్ను తలగడ కింద పెట్టుకుంటే డబ్బులు వస్తాయని నమ్మి పెరిగిన మా అబ్బాయి, ఇంటికప్పు మీదికి విసరాలన్న నానమ్మ మాట విని, తన పన్ను ఊడినప్పుడు చేసినట్టే మల్లి పన్నునూ పైకి విసిరాడు. ఆ తర్వాత తడి గుడ్డను ముడివేసి ఫ్రీజర్‌లో పెట్టి దాని నోటికి అందించే పని వాడు చేపట్టాడు. చల్లదనానికి చిగుళ్లు కాస్త ఉపశమించేవి.

వాడి చేతిని మల్లి గట్టిగా కొరికినప్పుడు కోపం పట్టలేక స్కేలుతో ఒక దెబ్బ వేశాడు. మా అత్తగారు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని భారతంలోని సరమ కథ చెప్పారు. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న సరమ కొడుకును రాజు తమ్ముళ్లు కొడతారు. దేవతల కుక్క అయిన సరమ రాజు ముందుకు వెళ్లి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసి, ఊహించని భయం కలుగుతుందని శపిస్తుంది. ఆదిపర్వంలో సరమ చెప్పే కందపద్యాన్ని ఆవిడ రాగం తీసి చదివారు. ‘రాజు ఏమన్నాడు నానమ్మా?’ అని వాడు అడిగాడు. జవాబు చెప్పలేకపోయాడురా అన్నారావిడ. కొడితే కుక్కపిల్లకు భయం పెరుగుతుందే తప్ప కొరకడం మానదని నేను ఎన్నిసార్లు చెప్పినా పట్టని మాట, ఒక తల్లి అడిగిన ప్రశ్నగా చెప్పేసరికి వాడి మనసుకు తాకింది. ఈ పని నానమ్మలు చేయగలరు, మేము చేయలేము. తిరిగి రావాలన్న మా నిర్ణయానికి ఇది కూడా ఒక కారణం.

తిండి విషయంలో మాత్రం పిల్లల మాటే నెగ్గాలి. పప్పు, సాంబారు కలిపిన అన్నం మా అత్తగారికి ప్రేమకు గుర్తు. కానీ ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలోని కిస్‌మిస్ మూత్రపిండాలకు ప్రమాదం. చాక్లెట్ కూడా విషమే. అమ్మాయి ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపుకు అంటించింది. ఇప్పుడు ఆవిడ తాలింపు వేయకముందే మల్లి వాటా అన్నం పక్కకు తీసి, ఉడికించిన గుడ్డు నలిపి పెడుతున్నారు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది రేబిస్ గురించి. కుక్కల మధ్య వ్యాపించే రేబిస్ రకం అమెరికాలో లేదని 2007లో ప్రకటించారు కనుక, అక్కడ పుట్టిన పిల్లలకు వీధికుక్కను చూసి జంకడం తెలియదు, ఎక్కడ కనబడినా చేయి చాపుతారు. మా అత్తగారి తరానికి తెలిసింది బొడ్డు చుట్టూ పొడిచే సూదుల భయం, కాటు మీద కారమో పసుపో అద్దడం. రెండూ ప్రమాదమే. గీరుకున్నా సరే, సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి, పైన ఏమీ పూయకూడదు, వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. నారాయణగూడలోని ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ ఐపీఎంలోనూ, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలోనూ టీకా ఇస్తారు, అదీ చేతికే. లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం కనుక, తిడతారని భయపడి ఏ చిన్న గాటునూ దాచకూడదని పిల్లలిద్దరి చేతా ఒట్టు వేయించాను. మల్లికి మూడో నెలలో రేబిస్ టీకా వేయించాం, ఏటా వేయిస్తాం.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న చర్చ మల్లికి పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ గురించి. ఒక్క ఈతైనా ఈననివ్వాలని మా అత్తగారి కోరిక. వీధిలో చెవి కొన కత్తిరించిన కుక్కలను చూపించి, అది ఆపరేషన్ అయినట్టు గుర్తని, పుట్టే పిల్లలన్నిటికీ ఇళ్లు దొరకవని అమ్మాయి చెబుతోంది. నేను అమ్మాయి వైపే ఉన్నాను. పశువైద్యుడి దగ్గరికి వెళ్లే రోజు తను కూడా వస్తానని, అడగవలసినవి తనే అడుగుతానని ఆవిడ అన్నారు.