తాలీ అంటే తాళి కాదు

మా అబ్బాయి ఆరు నెలలుగా ఫోన్‌లో జర్మన్ నేర్చుకుంటున్నాడు. జర్మనీలో నర్సు ఉద్యోగం చెయ్యాలంటే జర్మన్ భాషలో బీ2 అనే స్థాయి దాకా రావాలట. యాప్‌లో రోజూ మార్కులు పడుతున్నాయి. "నూట ఎనభై రోజులు, ఒక్క రోజు కూడా తప్పలేదమ్మా" అని చూపిస్తాడు. మొన్న వాళ్ల క్లాసు టీచరు ఫోన్ చేసి జర్మన్‌లో రెండు మాటలు అడిగితే మాత్రం టెన్షన్‌తో ఒక్క ముక్క బయటికి రాలేదు. ఫోన్ పెట్టేసి నన్ను అడిగాడు: "నువ్వు ఏ యాప్ లేకుండా అరబ్బీ ఎలా నేర్చుకున్నావమ్మా?"

ఒక పూట అన్నం తినేలోపు చెప్పి ముగించే సంగతి కాదు. అందుకని ఇక్కడ చెబుతున్నాను. నేను నోటితో చెబుతుంటే ఫోనే రాసుకుంటోంది. అరబ్బీ మాట వచ్చిన చోటల్లా తప్పులు రాస్తోంది, అవి చేత్తో దిద్దుకుంటున్నాను.

2009లో రాయచోటి దగ్గరి మా పల్లె నుంచి ఖాదిం వీసా (ఇంటిపని వీసా) మీద కువైట్ వెళ్లాను. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. ఏజెంటు ఒక కాయితం ఇచ్చాడు. తెలుగు అక్షరాల్లో నలభై అరబ్బీ మాటలు. కోడి అంటే దజాజ్, రా అంటే తాల్. విమానం దిగేదాకా బట్టీ పట్టాను. తీరా చూస్తే ఆ ఇంట్లో దజాజ్ అనేవాళ్లే లేరు, దియాయ్ అంటారు. కువైటీల నోట చాలా మాటల్లో జ పోయి య వస్తుంది, క పోయి చ వస్తుంది. కుక్కను కల్బ్ అనరు, చల్బ్ అంటారు. ఇక ప అసలే లేదు. నా పేరు ప తో మొదలవుతుంది, కానీ తొమ్మిదేళ్లూ ఆ ఇంట్లో నన్ను బ తోనే పిలిచారు.

మొదటి రోజు మామా (పనిచేసే ఇంటావిడను అక్కడ అందరం మామా అనే అంటాం) వంటింట్లోంచి "తాలీ, తాలీ" అని కేకేసింది. నా చెయ్యి గబుక్కున మెడ మీదికి పోయింది. వచ్చీ రాగానే తాళి అడుగుతుందేమిటి ఈమె? గొలుసు గట్టిగా పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె బయటికొచ్చి చెయ్యి ఊపి మళ్లీ "తాలీ" అంది. రమ్మంటోంది, అంతే. తాల్ అనేది మగవాళ్లను పిలిచే మాట, ఆడవాళ్లనైతే తాలీ అంటారు. ఏజెంటు కాయితంలో అది లేదు.

ఏడాది గడిచేసరికి అందరిలాగే నాకూ పని అరబ్బీ వచ్చింది. "అనా మాఫీ మాలూమ్" (నాకు తెలీదు), "సేమ్ సేమ్", "ఇంతా రూ" (నువ్వు వెళ్లు) లాంటివి. గల్ఫ్‌లో మనవాళ్లు, శ్రీలంక వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, బంగ్లాదేశ్ డ్రైవర్లు అందరూ మాట్లాడేది ఈ ముక్కల భాషే. మనతో మాట్లాడేటప్పుడు మామా కూడా అందులోకే దిగుతుంది. దాంతో పని జరిగిపోతుంది. పదిహేనేళ్లు అక్కడే ఉండి అంతకుమించి రానివాళ్లను చూశాను. వాళ్ల తప్పు కాదు, వాళ్ల చెవిన పడేదే అది. శుక్రవారం మధ్యాహ్నం చుట్టాలంతా చేరి మచ్‌బూస్ (వాళ్ల మాంసం అన్నం) తింటూ మాట్లాడుకుంటుంటే మాత్రం నాకు ఒక్క మాటా తెలిసేది కాదు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే భాష వేరే ఉంది.

అది నాకు వచ్చింది యుమ్మా దయవల్ల. యుమ్మా అంటే అమ్మా అని. బాబా (ఇంటాయన) తల్లిని ఇంట్లో అందరూ అలాగే పిలిచేవాళ్లు. అప్పటికే ఎనభై దగ్గర పడిన మనిషి, మోకాళ్ల నొప్పులు. రోజూ సాయంత్రం కాళ్లకు నూనె రాయడం నా పని. ఆమెకు ముక్కల భాష రాదు. తన కూతుళ్లతో ఎలా మాట్లాడేదో నాతోనూ అలాగే గడగడా మాట్లాడేది. పైగా మతిమరుపు. ఉన్నవి నాలుగు కథలు, అవే మళ్లీ మళ్లీ చెప్పేది. ఇంట్లోవాళ్లు విసుక్కునేవాళ్లు. నాకు మాత్రం అదే బడి అయింది.

ఒక కథ మొదట్లో నాకు రేకుల మీద వానలా వినబడేది. ఎన్నోసారికో అందులోంచి "మాయ్" ఒకటి తేలింది. నీళ్లు. తర్వాత "షత్". ఇంకొన్ని రోజులకు "తనక", అంటే డబ్బా. ఒకరోజు ఆమె భుజం మీద అడ్డంగా కర్ర ఉన్నట్టు చేతులు పెట్టి, రెండు వైపులా ఏదో వేలాడుతున్నట్టు చూపించింది. నూనె గిన్నె కింద పెట్టేసి "కావడి!" అని తెలుగులో అరిచాను. ఆమెకేం అర్థమయిందో గానీ గట్టిగా తలూపింది. ఆమె చిన్నప్పుడు కువైట్‌లో తాగడానికి నీళ్లు చాలేవి కావు. ఇరాక్ వైపు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చేవాళ్లు. కావడి మనుషులు వీధి వీధి తిరిగి అమ్మేవాళ్లు. 1950లలో ఉప్పునీటిని మంచినీళ్లు చేసే ప్లాంట్లు వచ్చాక ఆ కష్టం తీరింది. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెతో నిలబడ్డ రాయచోటి మనిషికి ఈ కథ కాక ఇంకేది ముందు అర్థమవుతుంది?

నేను తప్పు మాట్లాడితే యుమ్మా తప్పు అనేది కాదు. ఒకసారి "ఇంతా తాబాన్?" అని అడిగాను, అలసిపోయావా అని. "ఈ, అనా తాబానా" అంది. చివర ఆ దీర్ఘం నా చెవిలో పడింది. ఆడవాళ్లయితే తాబానా అనాలన్నమాట. అంతే, పాఠం అయిపోయింది, కథ సాగిపోయింది. రంజాన్ నెలలో రాత్రిళ్లు ఆమె పక్కన కూర్చుని కువైట్ నటీమణులు హయాత్ అల్ ఫహద్, సుఆద్ అబ్దుల్లా సీరియల్స్ చూసేదాన్ని. అన్నిటికంటే ముందు అర్థమయినవి అత్తాకోడళ్ల గొడవలు! ఫ్యాను బంకా అని, ఆపెయ్యడం బన్నిద్ అని తెలిసినప్పుడు సగం మనదే కదా అనిపించింది. 1961లో దీనార్ రాకముందు అక్కడ నడిచింది మన రూపాయలేనని కూడా యుమ్మానే చెప్పింది.

ఇంట్లో నాలుగేళ్ల మనవడు ఉండేవాడు. వాణ్ణి అన్నానికి పిలుస్తూ "తాలీ" అన్నాను. వాడు కాలు నేలకేసి కొట్టి "అనా వలద్!" అని ఏడుపు. నేను మగపిల్లాణ్ణి అని. ఇల్లంతా నవ్వు. ఆ ఇంట్లో నాతో అందరూ ఆడవాళ్లతో మాట్లాడినట్టే కదా మాట్లాడేది, విన్నదే నోటికి వచ్చింది. ఆ పిల్లాడి పుణ్యాన మగ మాటలు కూడా పట్టుబడ్డాయి.

మా అబ్బాయికి చెప్పింది ఒకటే: ముప్పై వీడియోలు వద్దు, ఒకదాన్నే ముప్పైసార్లు విను. "బోర్ అమ్మా" అన్నాడు. నా దారి వాడికి పూర్తిగా సరిపోదని నాకూ తెలుసు. వాడికి రాత పరీక్ష ఉంది. తొమ్మిదేళ్లున్నా నేను ఈరోజుకీ ఒక్క అరబ్బీ అక్షరం చదవలేను.

2018లో వచ్చేశాను. యుమ్మా అంతకు ముందే పోయింది. మనవడు ఇప్పుడు కాలేజీ, గొంతు మారిపోయింది. మొన్న పండక్కి వాయిస్ మెసేజ్ పెట్టాడు, ఒకసారి రమ్మని, "తాలీ, తాలీ" అంటూ. నేను కావాలనే "ఇంతీ తాలీ" అని పంపాను, నువ్వే రావే అని. నిమిషంలో జవాబు వచ్చింది, ఆ బొంగురు మగ గొంతుతో: "అనా వలద్!"