17 ఎకరాలు, ఇద్దరు జాన్ ర్యాన్‌లు

వీలునామా దొరికింది! కానీ అది ఎవరిదో తేలడం లేదు.

పాత పోస్టులు చదవని వాళ్ళ కోసం ఒక్క ముక్క. మా అత్తగారి పుట్టింటి వాళ్ళు ర్యాన్‌లు. ఐర్లండ్‌లో లిమరిక్ కౌంటీ తూర్పు అంచున, టిప్పరరీ సరిహద్దుకి ఆనుకుని ఉన్న డూన్ వైపు రైతులు. ఆవిడ ముత్తాత దగ్గర నా వంశవృక్షం ఆగిపోయి చాలాకాలమైంది. ఆయన్ని జాన్ అందాం. ఇక్కడ రాసే మిగతా పేర్లు కూడా మార్చినవే, అసలు పేర్లు కూడా ఇంత మామూలువే లెండి. ఆ ప్రాంతంలో ర్యాన్ అనే ఇంటిపేరు ఎంత ఎక్కువంటే, ఒక్క టౌన్‌ల్యాండ్‌లోనే (అక్కడి అతిచిన్న రెవెన్యూ గ్రామం లాంటిది) ముగ్గురు నలుగురు జాన్ ర్యాన్‌లు ఉంటారు. అందుకే ఊళ్ళో వాళ్ళు ఇంటిపేరుకి ఒక తోక తగిలించేవాళ్ళు. తెల్లగా ఉన్న వంశానికి బాన్, పీపాలు చేసే వాళ్ళకి కూపర్, తాత పేరు నెడ్ అయితే నెడ్. 1851-52లో లిమరిక్‌కి అచ్చైన గ్రిఫిత్స్ వాల్యుయేషన్‌లో (ఎవరి చేతిలో ఎంత భూమి ఉంది, దాని విలువెంత అని రాసిన సర్వే) ఈ తోకల్ని బ్రాకెట్లో వేశారు, పుణ్యాత్ములు. వీలునామాల్ని రుజువు చేసే ప్రొబేట్ కోర్టు గుమాస్తాలు మాత్రం వేయలేదు.

నేషనల్ ఆర్కైవ్స్ ప్రొబేట్ క్యాలెండర్‌లో (కోర్టుకొచ్చిన ఆస్తుల ఏటేటా జాబితా) పద్దు ఇదీ: జాన్ ర్యాన్, రైతు, 1874 మార్చి 9న మరణం, వీలునామా లిమరిక్‌లో రుజువైంది, ఆస్తి 200 పౌండ్ల లోపు. లిమరిక్‌లో రుజువవడం మన అదృష్టం. 1858లో ప్రొబేట్ చర్చి చేతుల్లోంచి సివిల్ కోర్టుకి మారాక డబ్లిన్‌లో ప్రిన్సిపల్ రిజిస్ట్రీ, బయట 11 జిల్లా రిజిస్ట్రీలు పెట్టారు. అప్పటి అసలు వీలునామాలు దాదాపు అన్నీ చివరికి డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ పక్కనున్న రికార్డ్ ఆఫీసుకి చేరి, 1922 జూన్ 30న అంతర్యుద్ధం మొదటి వారంలోనే కాలిపోయాయి. జిల్లా రిజిస్ట్రీలు నకలు రాసి పెట్టుకున్న పుస్తకాలు మాత్రం మిగిలాయి. డబ్లిన్‌లో రుజువై ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు.

నాకు దొరికిన స్కాన్ బాగా నల్లగా ఉంది. గింప్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో రంగులు తిరగేసి, కాంట్రాస్టు పెంచితే చదవగలిగాను. చేతిరాత చదివిపెడతామనే సాఫ్ట్‌వేర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మామూలు వాక్యాలు బాగానే చదువుతాయి, మనకి కావలసిన పేర్ల దగ్గరా అంకెల దగ్గరా ధైర్యంగా ఏదో ఒకటి రాసేస్తాయి. ఈ సైజు వీలునామాకి కళ్ళు, ఒక కాగితం, పెన్సిల్ చాలు.

లోపల ఉన్నది ఇదీ. 17 ఎకరాల పొలం కొడుకు పాట్రిక్‌కి. భార్యకి ఇంట్లో ఒక గది, పొయ్యి వాడుకునే హక్కు, రెండు ఆవుల గడ్డి. ముగ్గురు కూతుళ్ళకి పెళ్ళప్పుడు తలా 40 పౌండ్లు. తన ఆత్మ కోసం మాస్ (చర్చి ప్రార్థన) చెప్పించడానికి చర్చి ఫాదర్‌కి 5 పౌండ్లు. ‘మిగతా పిల్లలకి’ మిగిలింది సమానంగా. కింద సంతకానికి బదులు ఇంటూ మార్కు. మా అత్తగారి తాత మైఖేల్ ఆ మిగతా పిల్లల్లో ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న, పేర్లేమో రాయలేదు. భార్య పేరూ లేదు, ‘నా భార్య’ అంతే. రెండు ఆవుల గడ్డి గురించి అంత శ్రద్ధగా రాయించిన మనిషికి ఆవిడ పేరు చెప్పడానికి ఏమొచ్చిందో!

ఇక గ్రిఫిత్స్‌కి వెళ్దాం. ఆ టౌన్‌ల్యాండ్‌లో పొలం ఉన్న జాన్ ర్యాన్‌లలో లెక్కకి నిలిచేవాళ్ళు ఇద్దరు.

జాన్ ర్యాన్ (బాన్): 17 ఎకరాలు, 0 రూడ్లు, 30 పెర్చ్‌లు. భూమి విలువ ఏటా 9 పౌండ్ల 10 షిల్లింగులు.

జాన్ ర్యాన్ (నెడ్): 27 ఎకరాలు, 2 రూడ్లు, 15 పెర్చ్‌లు. భూమి విలువ 16 పౌండ్ల 5 షిల్లింగులు.

రూడ్ అంటే పావు ఎకరం, మన లెక్కలో 25 సెంట్లు. నాలుగు పెర్చ్‌లు కలిస్తే తెలంగాణ లెక్కలో సరిగ్గా ఒక గుంట.

17 అనగానే బాన్ అని ఎవరైనా అంటారు. అనకండి. గ్రిఫిత్స్ కొలతలన్నీ స్టాట్యూట్ ఎకరాల్లో ఉంటాయి, అంటే 4840 చదరపు గజాలు. ఐర్లండ్ రైతులు మాట్లాడుకునేది ఐరిష్ ఎకరాల్లో, అది 7840 చదరపు గజాలు. 1824 చట్టం కొలతల్ని ఒకటి చేసినా జనం నోట్లో పాత ఎకరం చాలాకాలం బతికింది. ఒక ఐరిష్ ఎకరానికి 1.62 స్టాట్యూట్ ఎకరాలు. 17ని 7840తో గుణించి 4840తో భాగిస్తే 27.537, అంటే 27 ఎకరాల 2 రూడ్ల 6 పెర్చ్‌లు. నెడ్ పొలానికీ దీనికీ తేడా 9 పెర్చ్‌లు, రెండు గుంటల పైచిలుకు. బాన్ పొలానికి తేడా 30 పెర్చ్‌లు, ఏడున్నర గుంటలు. ఈ లెక్క వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లాయరు రాసిన వీలునామా అయితే ‘స్టాట్యూట్ కొలత’ అనో ‘ప్లాంటేషన్ కొలత’ అనో ఉండేది. భాష చూస్తే ఇది ఊరి బడిపంతులో ఫాదరో రాసినట్టుంది. అలాంటి వాళ్ళు రైతు నోటివెంట వచ్చిందే రాస్తారు.

డబ్బు కూడా నెడ్ వైపే మొగ్గుతోంది. ముగ్గురు కూతుళ్ళకి 120 పౌండ్ల కట్నం. బాన్ భూమి వార్షిక విలువకి అది పన్నెండు రెట్ల పైమాట, నెడ్‌కి ఏడు రెట్ల చిల్లర. ఆవుకి రెండు మూడు ఎకరాల గడ్డి కావాలనుకుంటే, భార్యకి రెండు ఆవుల గడ్డి అంటే నాలుగు నుంచి ఆరు ఎకరాలు. 17 స్టాట్యూట్ ఎకరాల్లో అంత వదిలేస్తే పాట్రిక్ ఏం తిని బతకాలి? పైగా మా అత్తగారి చిన్నప్పుడు వాళ్ళ నాన్నని ఊళ్ళో ‘నెడ్’ తోకతోనే పిలిచేవారట. మైఖేల్ బాప్టిజం అని నేననుకుంటున్న పద్దులో సాక్షి పేరు ఎడ్మండ్ ర్యాన్. ఎడ్మండ్‌ని ముద్దుగా పిలిస్తే నెడ్డే. (ఆ పద్దులో టౌన్‌ల్యాండ్ గడి ఖాళీ. తల్లి పుట్టింటి పేరు కూడా ర్యాన్! నవ్వాలో ఏడవాలో తెలియదు.)

ఇంతవరకు బాగుందా? ఇప్పుడు రివిజన్ పుస్తకాలు. గ్రిఫిత్స్ తర్వాత భూమి చేతులు మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి, ఏడాదికొక రంగు సిరాతో కొత్త పేరు రాసిన పుస్తకాలివి, మన పహాణీ లాంటివి. డబ్లిన్‌లో ఉంటాయి. రంగులు ముఖ్యం కాబట్టి నలుపు తెలుపు జిరాక్సు మీద డబ్బు తగలేయకండి, కలర్ కాపీయే అడగండి. అందులో చూస్తే నెడ్ పొలం 1875లో పాట్రిక్ పేర మారింది. వీలునామా అన్నదీ అదే! బాన్ పొలం 1876లో మార్గరెట్ ర్యాన్ పేర, అక్కడి నుంచి 1893లో మైఖేల్ పేర మారింది.

మార్గరెట్ మా మైఖేల్ తల్లి. 1901 సెన్సస్‌లో మైఖేల్ ఇంట్లోనే ఉంది, వితంతువు, వయసు 58. 1911లో అదే ఇంట్లో 73. పదేళ్ళలో పదిహేనేళ్ళు పెరిగిందని ఆశ్చర్యపోకండి, 1909 జనవరి నుంచి 70 నిండిన వాళ్ళకి పింఛను ఇవ్వడం మొదలుపెట్టారు, దేశమంతా అలాగే పెరిగింది. మైఖేల్ పెళ్ళి కూడా 1893లోనే. పెళ్ళికి పొలం రాసివ్వడం అక్కడి ఆనవాయితీ, కాబట్టి ఆ తేదీ మీద అనుమానం లేదు. అంటే మావాళ్ళు కూర్చున్నది బాన్ పొలంలో.

ఇప్పుడు నా దగ్గర మూడు ఊహలున్నాయి.

మొదటిది: వీలునామా నెడ్‌ది, మావాళ్ళు బాన్‌లు, ఆ జాన్ వీలునామా రాయకుండా పోయాడు. చిన్న కౌలు రైతులు చాలామంది కోర్టు ఛాయలకే వెళ్ళలేదు, అది మామూలే. కానీ అప్పుడు మా అత్తగారి నాన్నకి ‘నెడ్’ అన్న తోక ఎక్కణ్ణుంచి వచ్చింది?

రెండోది: వీలునామా బాన్‌దే, 17 అంటే స్టాట్యూట్ 17. పాట్రిక్ చిన్నవాడు కాబట్టి పొలం తల్లి పేర పెట్టారు, తర్వాత అతను అమెరికాకో ఎక్కడికో పోతే తమ్ముడు మైఖేల్‌కి దక్కింది. నెడ్ పొలంలో కనిపించే పాట్రిక్ వేరే మనిషి. ఆ ఊళ్ళో పాట్రిక్‌లకి కొదవా? దీనికి 120 పౌండ్ల కట్నం అడ్డు.

మూడోది నాకు ఇష్టమైనది, అందుకే దాన్ని ఎక్కువ అనుమానించాలి. గ్రిఫిత్స్‌కీ వీలునామాకీ మధ్య 22 ఏళ్ళున్నాయి. ఈలోగా నెడ్ జాన్‌కి మొదటి భార్య పోయి, బాన్‌ల అమ్మాయి మార్గరెట్‌ని రెండో పెళ్ళి చేసుకున్నాడు. పాట్రిక్ మొదటి భార్య కొడుకు, అతనికి నెడ్ పొలం. మార్గరెట్ ఆ గదిలో సవతి కొడుకు కింద ఇమడలేక రెండేళ్ళకి పుట్టింటి పొలానికి, అంటే బాన్ పొలానికి, పిల్లలతో సహా వెళ్ళిపోయింది. అప్పుడు తోక నెడ్, పొలం బాన్, తల్లి పుట్టింటి పేరు ర్యాన్, మూడూ కుదురుతాయి. మరణాల రిజిస్టర్లో ఆ మార్చిలో నాకు దొరికిన ఒకే ఒక్క జాన్ ర్యాన్ వయసు 62, మార్గరెట్‌కి అప్పటికి 31 నుంచి 36 మధ్య. రెండో పెళ్ళికి సరిపోయే తేడా. కానీ అందులో తేదీ 9 కాదు, 11. ఇక్కడి మరణ పద్దులో భార్య పేరు ఉండదు. చెప్పిన మనిషి బ్రిడ్జెట్ ర్యాన్, ఇంటూ మార్కు. కూతురో, చెల్లెలో, పక్కింటావిడో.

మా అత్తగారికి మూడో ఊహ చెబితే టీ పోస్తూ, అయితే ఆవిడ అత్తింట్లో ఇమడలేదన్నమాట అని నావైపు ఒక చూపు చూశారు. నేను గ్రాంప్స్ అనే వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌లో నోటు రాసుకోవడంలో మునిగిపోయినట్టు నటించాను. (గ్రాంప్స్ ఉచితం, రుజువు కాని బంధాన్ని రుజువు కానిదిగానే రాసుకోవచ్చు, నాకు అంతకంటే అక్కర్లేదు. డబ్బు కట్టించుకునే ఒక పెద్ద సైటు ఈ కుటుంబాన్ని డూన్ నుంచి లాగి డౌన్ కౌంటీలో పడేసింది, అక్కడ వేరేవాళ్ళ వృక్షాల్లో అదే తప్పు మొక్కలా పెరుగుతోంది.)

మిగతా పనులు బాగానే సాగాయి. అత్తగారి అమ్మగారి వైపు కార్క్ వీలునామా, 1862, అయిదుగురు పిల్లల పేర్లతో సహా దొరికింది. ఒక్క సాయంత్రంలో అయిపోయింది.

1858కి ముందుకి వెళ్ళమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆ కాలపు ఎమ్లీ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతం, డూన్ అందులోదే) వీలునామాలకి సూచికలు మిగిలాయి కానీ సూచికలో పేరు, ఊరు, ఏడాది తప్ప ఏముంటుంది? ఏ తోకా లేని ఇంకొందరు జాన్ ర్యాన్‌లు దొరుకుతారు, అంతే. విలియం బెథామ్ రాసిపెట్టిన సారాంశాలు బంగారమే, కానీ అవి ప్రెరోగేటివ్ కోర్టు అనే పై చర్చి కోర్టువి, రెండు డయాసిస్‌లలో ఆస్తి ఉన్న పెద్దవాళ్ళవి. రెండు ఆవుల గడ్డి వాళ్ళవి కావు. డబ్లిన్ హెన్రియెట్టా స్ట్రీట్‌లో ఉన్న రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్ (భూమి దస్తావేజుల ఆఫీసు) కూడా అంతే, ఏడాదికేడాది కౌలు చేసుకునేవాడు అక్కడ కనిపించడం అరుదు.

కాబట్టి ముందు పాట్రిక్‌ని పట్టుకుంటాను. అతను పెళ్ళీ వీలునామా రెండూ లేకుండా పోయి ఉంటే అడ్మినిస్ట్రేషన్ పద్దులో (వీలునామా లేనివాళ్ళ ఆస్తిని కోర్టు ఎవరికి అప్పగించిందో చెప్పేది) ‘సోదరుడు మైఖేల్‌కి’ అని ఉండే అవకాశం ఉంది. క్యాలెండర్లు బంధుత్వం రాస్తాయి, ఆ ఒక్క మాటతో సగం తగాదా తీరిపోతుంది. 1875 నుంచి ఏడాదికి ఒక సంపుటం చొప్పున చూసుకుంటూ పోవాలి. తర్వాత మార్గరెట్ పింఛను. వయసు రుజువు లేని ముసలివాళ్ళ కోసం 1841, 1851 సెన్సస్‌లు వెతికించిన ఫారాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ సెన్సస్‌లు దాదాపు అంతా కాలిపోయాయి, ఫారాలు బతికాయి. అందులో తల్లిదండ్రుల పేర్లు, టౌన్‌ల్యాండ్ ఉంటాయి. మార్గరెట్ తండ్రి బాన్ పొలంలో కనిపించాడా, మూడో ఊహ గెలిచినట్టే. ఆ పైన జమీందారు రెంటల్ పుస్తకాలు, జమీందారుల ఎస్టేట్లు అమ్మిపెట్టిన ల్యాండెడ్ ఎస్టేట్స్ కోర్టు అమ్మకాల పత్రాలు. కౌలుదారు పేరు, విస్తీర్ణం, ఒక్కోసారి మ్యాపు కూడా ఉంటుంది. 17 ఏ ఎకరమో అక్కడ తేలొచ్చు.

ఈలోగా కార్క్ వీలునామాలో ఒక కొడుకు ‘విక్టోరియా కాలనీలో ఉన్నాడు’ అని ఉంది, అంటే ఆస్ట్రేలియాలో. మెల్‌బోర్న్ వాళ్ళు పాత ప్రొబేట్ ఫైళ్ళు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు, ఆస్తి జాబితాలతో సహా. పాట్రిక్ తేలేదాకా అటు చూడకూడదని గట్టిగా అనుకున్నాను. ఫైలు మాత్రం దించి పెట్టాను.