యాభై ఒకటో ఏట తమ్ముడు

ఈ మధ్యనే మా తమ్ముడికి యాభై నిండి యాభై ఒకటో ఏడు వచ్చింది. బుద్ధి ఎదుగుదల మందగించే డౌన్ సిండ్రోమ్‌తో వాడు పుట్టినప్పుడు పురిటి గదిలోనే డాక్టరుగారు మా నాన్నగారిని పక్కకు పిలిచి, ఇరవై ఏళ్ళు బతికితే గొప్పేనని చెప్పారట. ఆయనను తప్పుపట్టడానికి లేదు, ఎందుకంటే అమెరికాలో కూడా 1983 నాటికి ఇలా పుట్టినవారి సగటు ఆయుర్దాయం పాతికేళ్ళ దగ్గరే ఉండేది, ఇప్పుడది అరవై వరకు వచ్చింది. నాన్నగారు ఆ ఇరవై ఏళ్ళకే మనసును సిద్ధం చేసుకుని, వాడికి బట్టలు తొడుక్కోవటం, చిల్లర లెక్కపెట్టటం, అయ్యకోనేరు గట్టు మీదుగా ఒంటరిగా వెళ్ళి పాలపాకెట్టు తీసుకురావటం నేర్పి, 2011లో కన్నుమూశారు. వాడికి ముసలితనం కూడా వస్తుందన్న ఆలోచన ఆయనకే కాదు, మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

మా విజయనగరం సంగీత కళాశాల గురించి ఊరిలో అందరూ గర్వంగా చెప్పుకునే కథ ఒకటుంది. ఆస్థానంలో పనిచేసే ఒకరి కుమారుడికి చూపు లేదనీ, ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలన్న మాట విని మహారాజు విజయరామ గజపతి 1919లో ఆ కళాశాల పెట్టించారనీ అంటారు. ఆ కథలో పిల్లవాడు ఎప్పటికీ పిల్లవాడిగానే ఉండిపోతాడు. వైకల్యం ఉన్నవాళ్ళ గురించి మనం ఆలోచించే పద్ధతి కూడా అలాగే ఉందని ఈ రెండేళ్ళలో నాకు బాగా తెలిసివచ్చింది. బడి, ఫిజియోథెరపీ, ఉపకార వేతనం, అన్నీ పిల్లల కోసమే. తల నెరిసిన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళితే ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తోచదు.

రెండేళ్ళ కిందట మా ఊరి పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మొదలైంది ఇదంతా. మూడు లాంతర్ల కూడలి దగ్గర తెలిసినవారి మేడ మీద నుంచి సిరిమాను చూడటం వాడికి ఏడాది మొత్తంలో పెద్ద పండుగ. ఆ ఏడు మెట్ల దగ్గరకు వెళ్ళి ఆగిపోయాడు, కాలు కింద పెట్టలేదు, ఎత్తలేదు. మొండితనం చేస్తున్నాడని మేము కసిరాము. ఆ తర్వాత ఇంట్లో గడప దాటడానికి కూడా గోడ పట్టుకోవటం, పిలిస్తే పలకకపోవటం, మధ్యాహ్నమంతా పడుకోవటం, ఎప్పుడూ చేసే పనులను సగంలో వదిలేయటం కనిపించాయి. మేము వెళ్ళిన మొదటి డాక్టరు వాణ్ణి ముట్టుకోకుండానే, "ఇలాంటివాళ్ళు వయసు వస్తే ఇంతేనమ్మా" అని విటమిను మాత్రలు రాసి పంపించారు. నిజం చెప్పాలంటే ఆ మాట మాకు కొంత హాయిగా కూడా అనిపించింది, చేయవలసిందేమీ లేదని తెలిసిన మనిషికి కలిగే హాయి అది.

మరో ఆరు నెలలకు విశాఖపట్నంలో ఒక వైద్యురాలు గంటసేపు కూర్చుని చూశారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, థైరాయిడ్ బాగా తగ్గింది, చెవుల్లో గుమిలి రాయిలా గట్టిపడి ఉంది. అంటే మెట్టు ఎక్కడ ముగుస్తుందో వాడికి కనబడలేదు, మేము కసిరిన మాట సరిగా వినబడలేదు, ఒళ్ళు కదలలేదు. వీటన్నిటికీ కలిపి మేము పెట్టుకున్న పేరు మొండితనం. కళ్ళకు ఆపరేషన్ చేయించి, చెవులు శుభ్రం చేయించి, రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేయటం మొదలుపెట్టిన నాలుగు నెలలకు వాడు మళ్ళీ పాలపాకెట్టు కోసం సంచి పట్టుకుని నిలబడ్డాడు.

అయితే ఆవిడ ఒక విషయం దాచకుండా చెప్పారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉంటాయి, మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రోటీన్‌కు మూలమైన జన్యువు కూడా ఆ క్రోమోజోమ్ మీదే ఉంది. అందువల్ల నలభై ఏళ్ళకే దాదాపు అందరి మెదడులోనూ ఆ మార్పు కనబడుతుంది, చాలామందిలో యాభైల్లో మతిమరుపు బయటపడుతుంది. కానీ మతిమరుపు అనే ముందు థైరాయిడ్, చూపు, వినికిడి, నిద్రలో ఊపిరి ఆగిపోవటం, చివరికి పంటినొప్పి కూడా చూసుకోవాలని, ఇవన్నీ మతిమరుపులాగే కనబడతాయని ఆవిడ అన్నారు. పోల్చి చూసుకోవడానికి ఇప్పుడు వాడు ఏ పని ఎంతవరకు చేసుకోగలుగుతున్నాడో రాసిపెట్టుకోమన్నారు. ఈ సలహా మాకు వాడి ముప్పై ఐదో ఏట ఎవరైనా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

ఇది ఒక్క డౌన్ సిండ్రోమ్ సంగతే అనుకోకండి. చీపురుపల్లి దగ్గర మా బావ ఒకరు దర్జీ, చిన్నతనంలో పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడింది. యాభై ఏళ్ళు చంకకర్రతో నడిచి, రెండో కాలితోనే మిషను తొక్కి ముగ్గురు పిల్లలను చదివించాడు. ఇప్పుడు ఆ మంచి కాలు కూడా బలహీనపడుతోంది, కర్ర మోసిన భుజం పైకి లేవటం లేదు. పోలియో తగ్గిన దశాబ్దాల తర్వాత ఇలా కొత్తగా నీరసం వస్తుందనీ, అన్నేళ్ళు అదనపు బరువు మోసిన నరాలు అలసిపోవటమే దీనికి కారణమనీ వైద్యులు చెబుతారు. ఊరివాళ్ళు మాత్రం "కదలకపోతే ఇంకా బిగుసుకుపోతావు, ఇంకొంచెం నడు" అని తరిమేవారు, ఒళ్ళు అలిసిపోయేలా శ్రమపడితే దానికి నష్టమే ఎక్కువ. మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014లో పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు. జబ్బు పోయింది గనుక జబ్బుపడినవాళ్ళు కూడా పోయారన్నట్టుగా ఉంది వ్యవహారం. బావ మిషనుకు మోటారు పెట్టించుకుని, ఇంట్లో ఎత్తు మరుగుదొడ్డి కట్టించుకున్నాడు. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు కావటం ఆ ఇంటికి చాలా పెద్ద విషయం.

ఇక మా అమ్మ. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. వైద్యురాలు రాసుకోమన్న దానికోసం నేను ఒక నోటుబుక్కు తీసుకుని ఆమె దగ్గర కూర్చున్నాక, తమ్ముడి గురించి నాకు ఎంత తెలియదో బయటపడింది. వాడు కుడి చెవి నొక్కుకుంటే చెవిపోటు కాదు, పన్ను నొప్పి. "అమ్మోరు వచ్చింది" అంటే కరెంటు పోయిందని అర్థం. చోడి అంబలి చల్లారితేనే తాగుతాడు, వేడిగా ఇస్తే ఆ పూటంతా ఏమీ తినడు. జుట్టు కత్తిరించేవాడు ముందు అద్దం చూపించాలి. యాభై ఏళ్ళుగా ఇదంతా ఒక్క మనిషి తలలో ఉండిపోయింది, ఆ మనిషికి రక్తపోటు ఉంది.

నాన్నగారు పోయినప్పుడు మేము చేసిన పొరపాటు కూడా ఆ బుక్కులో రాశాను. తట్టుకోలేడని, ఊరెళ్ళారని వాడికి చెప్పాము. శ్మశానానికి తీసుకువెళ్ళలేదు. మూడు నెలలపాటు సాయంత్రం బస్సుల వేళకు వాడు గేటు దగ్గర నిలబడ్డాడు. ఈసారి అలా చేయకూడదని అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. తను ముసలిదైందని, ఏదో ఒకరోజు ఉండనని వాడికి ఆమే చిన్నచిన్న మాటల్లో చెబుతోంది. వాడు వింటాడు, తర్వాత ఆమె చేతిమీద ముడతలు లెక్కపెడతాడు.

కాగితాల సంగతి కొంచెం చెప్పాలి, చాలా ఇళ్ళలో ఇది తెలియదు. పద్దెనిమిదేళ్ళు నిండితే కన్న తల్లిదండ్రులు కూడా చట్టరీత్యా సంరక్షకులుగా మిగలరు. "కన్నతల్లికి కాయితమేటి?" అని అమ్మ కోప్పడింది గాని, వాడి పేర ఉన్న బ్యాంకు ఖాతాకు ఆ కాగితమే అడిగారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి సంరక్షకుణ్ణి నియమించేది కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ. అందులో ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు కూడా సభ్యులు. నియమితుడైన ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితా, ఏటా జమాఖర్చులు ఇవ్వాలి, కాబట్టి ఇది గౌరవ పదవి కాదు. ఈ వైకల్యాలు ఉన్నవారికే నిరామయ అనే ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంది, దానికి ముందస్తు వైద్యపరీక్షలు లేవు. నాన్నగారి ఉద్యోగం వల్ల అమ్మకు వచ్చే కుటుంబ పింఛను ఆమె తర్వాత సంపాదన లేని తమ్ముడికి జీవితాంతం రావటానికి నిబంధనల్లో వీలుంది. దానికి కావలసిన వైద్య ధ్రువపత్రం, సంతకాలు అమ్మ ఉండగానే పూర్తిచేయటం తేలిక, తర్వాత తిరగటం నరకం. వైకల్యం ఎంతో చూపే సదరం ధ్రువపత్రంతో ఈ పనులన్నీ అయిపోతాయని నేను పదేళ్ళు భ్రమపడ్డాను.

సంరక్షకురాలిగా నా పేరు పెట్టమని అర్జీ ఇచ్చాము. నాకు యాభై ఐదేళ్ళు కాబట్టి, నా తర్వాత ఎవరన్నది కూడా మా అబ్బాయితో, కోడలితో దాపరికం లేకుండా మాట్లాడాను. వాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు, ఆలోచించుకుంటామన్నారు. మొహమాటానికి సరేనన్న మాటకన్నా ఇదే నయం. ఈలోగా తమ్ముడు ప్రతి శుక్రవారం, శనివారం రాత్రులు మా ఇంట్లో పడుకుంటున్నాడు. మొదటి నెల అర్ధరాత్రి లేచి చెప్పులేసుకుని నిలబడేవాడు. ఇప్పుడు తన పాత తువ్వాలు మా బీరువాలో పెట్టుకున్నాడు.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు అమ్మ ఫోను చేసింది. పడుకునే ముందు గేటుకు తాళం వేశామని వాణ్ణి చేత్తో పట్టుకుని చూడనివ్వాలట, నాకు చెప్పటం మరిచిపోయిందట. నోటుబుక్కు తీసి అది కూడా రాశాను, నలభై మూడో పేజీ అయింది.