శనివారం, గేల్ లిన్ కప్ కబుర్లు

పొద్దుటి నుంచి ముసురే. అయినా పాప ప్రాక్టీస్ ఆగలేదు. ఐర్లాండ్‌లో వానని చూసి ఆట ఆపేస్తే ఇక ఏడాదంతా ఆటే ఉండదు. హెల్మెట్, హర్లీ కర్ర, తడిస్తే మార్చడానికి ఇంకో జత బట్టలు కారులో పడేసుకుని బయల్దేరాం.

పాప ఆడేది కమోగీ, కర్రతో బంతిని కొట్టే ఐరిష్ అమ్మాయిల ఆట. అది నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. జట్టుకు పదిహేను మంది అమ్మాయిలు. బంతిని కర్రతో అడ్డకమ్మీ కింద నుంచి నెట్‌లోకి కొడితే మూడు పాయింట్లు, కమ్మీ మీదుగా పంపితే ఒకటి. బంతి గాల్లో ఉండగానే కర్ర ఊపుతారు. మొదట్లో గుండె దడదడలాడేది. ఇప్పుడు ఆ చప్పుడే ఇష్టం.

గట్టు మీద మా పక్కింటి పెద్దావిడ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. మనవరాలి కోసం వస్తుంది. ఇవాళ మాటల్లో గేల్ లిన్ కప్ సంగతి చెప్పింది. 1956లో మొదలైన పోటీ అది. మన్‌స్టర్, లెన్‌స్టర్, అల్‌స్టర్, కొనాక్ట్ అనే నాలుగు ప్రావిన్సుల జట్లు ఆడతాయి. ఆవిడది లెన్‌స్టర్‌లో ఓ చిన్న కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. కౌంటీ తరఫున ఆడి, కౌంటీల మధ్య జరిగే సీనియర్ ఆల్-ఐర్లాండ్ పోటీ ఫైనల్ దాకా వెళ్ళే దారే లేదట. పైగా అది కిల్కెన్నీ కౌంటీ కాలం. ఆంజెలా, ఆన్ డౌనీ అనే కవల అక్కచెల్లెళ్ళున్న ఆ జట్టు 1985 నుంచి 1991 దాకా వరసగా ఏడుసార్లు ఆ పోటీ గెలిచింది. అలాంటి కౌంటీల అమ్మాయిలతో కలిసి ఒకే జెర్సీ వేసుకునే అవకాశం ఆవిడకి ప్రావిన్స్ జట్టు వల్లే దొరికింది. అప్పట్లో జట్టుకు పన్నెండు మందే.

"అంతకుముందు మ్యాచ్‌లో నా వేళ్ళ మీద కొట్టిన పిల్లకే బంతి అందించాను. తను గోల్ కొట్టింది" అంటూ మురిసిపోయింది. ఎవరు కప్ గెలిచారో చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాకు మన దులీప్ ట్రోఫీ గుర్తొచ్చింది. రంజీలో ఎదురెదురుగా ఆడిన హైదరాబాద్, ఆంధ్ర, కర్ణాటక కుర్రాళ్ళు అక్కడ సౌత్ జోన్ పేరుతో ఒకే జట్టవుతారు.

జనం మాత్రం డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో జరిగే ఓడఫీ కప్ ఫైనల్‌కే, అంటే ఆ కౌంటీల ఆల్-ఐర్లాండ్ ఫైనల్‌కే ఎక్కువ పోతారు. అది పెద్దదే, కాదనను. కానీ చిన్న కౌంటీలో పుట్టిన మంచి ఆటగత్తె తన సత్తా ఎక్కడ చూపించాలి? ప్రావిన్స్ పోటీని ప్రతి ఏడూ ఘనంగా జరపాలి, టీవీలో చూపించాలి. 2025 మేలో స్కర్టు బదులు షార్ట్స్ వేసుకునే హక్కు కోసం ఆటగత్తెలంతా ఒక్కటై నిలబడి, రూల్ మార్పించి సాధించుకున్నారు. ఆ పట్టుదల ఉన్నవాళ్ళకి ఇదేం పెద్ద కోరిక?

ఇంటికొచ్చి వేడివేడి చారన్నం తింటూ పాప, "అమ్మా, మనం లెన్‌స్టరేనా?" అంది. అవునన్నాను. "అయితే నేను లెన్‌స్టర్‌కి ఆడతా. ముందు క్లబ్ టీమ్‌లో ఎడమవైపు నుంచి కొట్టడం రావాలి" అని గోడవైపు బంతి పట్టుకెళ్ళింది. పక్కింటావిడ రేపు సాయంత్రం వచ్చి నేర్పిస్తానంది.